చీమలు చెప్పిన జబ్బు

“ఏమ్మే ఆదిశేషమ్మా, పెరట్లో చీమల్ని చూసినావా?” అని అత్త వెంకటశేషమ్మ కేకేసేసరికి ఆదిశేషమ్మ తడికట్టెలతో కుస్తీ పడుతోంది. పొగ మింగుతూనే పరుగెత్తింది. ఇంటిల్లిపాదీ ఒంటికి వెళ్లే రాతిబండ చుట్టూ చీమలు. అవి అల్లాటప్పా చీమలా? చిట్టమూరు నుంచి నెల్లూరు దాకా ఉన్న చీమలన్నీ శుభలేఖ అందినట్టు పిల్లాజెల్లాతో దిగాయి.

“అబ్బయ్యకు చక్కెర జబ్బే ఇది!” అత్త గుండెల మీద చెయ్యేసుకుంది. కానీ ఆ గొంతులో దిగులు కంటే గొప్పే ఎక్కువ. “మా మేనమామకూ ఇట్నే పట్టినాయి. జబ్బంటే అట్టాంటిట్టాంటి జబ్బు కాదు. కూర్చోని తినే ఆస్తిపరులకే వస్తాది.”

బండ అందరిదీ. చీమలు మాత్రం మగవాడివేనని ఆ పూటకే తేలిపోయింది. ఆదిశేషమ్మ మొగుడు పద్మనాభయ్య భయపడలేదు సరికదా, ఉతికిన ఉత్తరీయం వేసుకుని బస్సాగే చోట నిలబడి, మాగాణి కొన్నంత దర్జాగా “నాకు చక్కెర జబ్బబ్బా” అని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకున్నాడు. నాటువైద్యం చేసే హజరత్తయ్య నాడి పట్టి, బియ్యం మానమన్నాడు. రాగులు, ఉలవలు, ఆకుకూరలు, కాకరకాయ తినమన్నాడు.

“కూలోళ్ల సంగటి నేనొక్కణ్ణే తినాల్నా? పిల్లోళ్లు నా ఎదురుగ్గా తెల్లన్నం తింటా ఉంటే నాకు గొంతు దిగతాదా? అందరికీ ఇదే పెట్టు. వాళ్లు మాత్రం ఏడవకూడదు, చెప్తుండా!” అన్నాడు పద్మనాభయ్య.

జబ్బు ఆయనది, పథ్యం ఇంటిది, పిల్లలు ఏడవకుండా చూసే పూచీ ఆదిశేషమ్మది.

ఇదంతా చైనా యుద్ధానికి ముందు సంవత్సరం సంగతి. ఆ రోజుల్లోని రాత్రి భోజనాలు తలుచుకుంటే ఇప్పటికీ ఆదిశేషమ్మకి నోరూరుతుంది. మొదటి రోజు సంగటి చూసి చిన్నది చెంచమ్మ “మట్టిముద్ద! నాకొద్దు!” అని శోకాలు తీసింది. ఆదిశేషమ్మ ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి, చేపలమ్మే పేరమ్మ గంపలో తెచ్చిన మడవచేపల పులుసు అందులో పోసింది. “ఇది మట్టి కాదే, పులికాట్ సరస్సు. ఇందులో దాక్కున్న చేప ఎంతుంటాదో తెల్సా? మొన్న ఒక పక్కనించి ఇంకో పక్కకి దొర్లితే నెల్లూరు బస్సు టాపు మీద మూటలు తడిసిపోయినాయి. కండక్టరు చేపక్కూడా టిక్కెట్టు కొట్టినాడు! గట్టు తినెయ్ బిడ్డా, లేకుంటే పారిపోతాది!” గట్టు మాయం, చేప మాయం, చెంచమ్మ ఏడుపూ మాయం. కాకరకాయని చక్రాలుగా తరిగి, ఉల్లికారం పెట్టి కరకరలాడేలా వేయిస్తే అవి బండి చక్రాలు. పడవలా వత్తి కాల్చిన మునగాకు రాగిరొట్టెకి ఉలవచారే సముద్రం. పొద్దుగూకితే చాలు, పక్కింటి పిల్లలు కూడా వాళ్ల ఇంట్లో వరన్నం వదిలేసి పళ్లేలతో వచ్చి కూర్చునేవాళ్లు. ఆ నవ్వులు సంగం ఆనకట్ట దాకా వినపడేవంటే మీరు నమ్మరు గానీ, వినపడేవి.

అత్త మాత్రం వరన్నం మానలేదు. ఆమె తినేది గుప్పెడు, వండించేది అడ్డెడు. మిగిలిన అన్నం పారేస్తే లక్ష్మి వెళ్లిపోతుంది కదా. సంగటి అందరికీ పెట్టేసరికి కుండ అడుగు కనిపించేది. అందరూ చేతులు కడుక్కున్నాక ఆ చల్లారిన అన్నమే ఆదిశేషమ్మ తినేది. కాళ్లు లాగేవి. నాలుక పిడచకట్టుకుపోయేది. చెంబు తర్వాత చెంబు నీళ్లు తాగితే, “బావి ఎండగొడతావా ఏందే?” అని అత్త నవ్వేది. ఆదిశేషమ్మా నవ్వేది. పని ఎక్కువైనప్పుడు ఆడదాని ఒళ్లు ఇలాగే ఉంటుందేమో అనుకునేది. ఎవర్నడగాలి? అమ్మ ఒళ్లూ ఇలాగే ఉండేది.

తన జబ్బు గురించి చెప్పుకోడానికి నెల్లూరు డాక్టరు మాట ఒకటుంటే బాగుంటుందని పద్మనాభయ్యకి తోచింది. క్యారియరు మొయ్యడానికి ఆదిశేషమ్మని తీసుకెళ్లాడు. డాక్టరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఆయన ఒంటినీళ్లు కలిపి కాచాడు. నీలం నీలంగానే ఉంది.

“మీకు చక్కెర లేదే!”

పద్మనాభయ్య ముఖం పండిన చేను వరదకి పోయినట్టయింది. “బాగా చూడండి సార్. చీమలు పట్టినాయి.”

డాక్టరు వినడం లేదు. మూలన కుండ దగ్గర నాలుగో గ్లాసు ఎత్తిన ఆదిశేషమ్మని చూస్తున్నాడు. “ఎన్నాళ్లనుంచమ్మా ఈ దాహం?”

ఆదిశేషమ్మ ఎత్తిన గ్లాసు దించింది. కాపురానికొచ్చాక తన ఒంటి గురించి ఒకరు అడగడం అదే మొదలు. ఆమె ఒంటినీళ్లు కలిపి కాస్తే ఈసారి గొట్టం ఇటుకరంగుకి తిరిగింది. వేళకి తినమన్నాడు, బియ్యం మానమన్నాడు డాక్టరు.

బస్సులో పద్మనాభయ్య ఊపిరి పీల్చుకున్నాడు. “హమ్మయ్య, రేత్రికి నాకు సన్నబియ్యం వండు. నీ మట్టుకు నువ్వు ఇంత సంగటి కెలుక్కో, పన్లో పని.”

ఇంటికెళితే అత్త బుగ్గలు నొక్కుకుంది. “ఆడదానికి పథ్యమేందే? నలుగురూ నవ్వరూ? నాలుగు మెతుకులు తగ్గించుకుంటే సరి. ఈ మాట బయట అనబాకండి.”

ఆదిశేషమ్మ పొయ్యి ముందర కూర్చుని నిప్పుల్ని చూసింది. ఆయనకి జబ్బంటే ఇంటి తిండే మారిపోయింది. పొయ్యి ముందు కథలు చెప్పీ చెప్పీ తన గొంతు పోయింది. ఊరంతా పరామర్శకొచ్చింది. అదే చీమలు, అదే బండ. మనిషి మారేసరికి జబ్బు నాలుగు మెతుకులకి దిగిపోయింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అత్త కాక పథ్యం చెయ్యనిది జబ్బుమనిషి ఒక్కతే. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి ఒకటే ఎసరు పెట్టింది. ఎప్పటికంటే ఒక దోసెడు ఎక్కువ రాగిపిండి పోసి గట్టిగా కెలికింది.

వడ్డన వేళ పద్మనాభయ్య పీట మీద కూర్చున్నాడు. అత్త పళ్లెం ముందుకు జరిపింది. ఆదిశేషమ్మ పిల్లలకి వడ్డించి, అదే చేత్తో ఇంకో పళ్లెంలో వడ్డించుకుని, చెంచమ్మ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“నా అన్నమేదే?” అన్నాడు పద్మనాభయ్య.

“సంగటి కుండలో ఉండాది, మీ అందరికీ సరిపోతాది. అన్నమే కావాలంటే బియ్యం తొట్లో ఉండాయి, పొయ్యిలో నిప్పుండాది. నన్ను వేళకు తినమన్నాడు డాక్టరు,” అని, ఆ ఇంట అడుగుపెట్టాక మొదటిసారి, ఆదిశేషమ్మ సంగటిని పొగలు పోకముందే నోట్లో పెట్టుకుంది.