ఎవరూ మెచ్చుకోని బీరు

మా అల్లుడికి ఒక జబ్బుంది. ఎదురుగా మనిషి కనబడితే చాలు, ఆ మనిషి ఏ బీరు తాగాలో చెప్పేస్తాడు. పై అధికారితో పోట్లాడి వచ్చినవాడికి కాఫీ గింజలు వేసి కాచిన నల్లది. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళకి నారింజ తొక్క వాసన వచ్చేది. నిద్ర పట్టదని వాపోయేవాడికి పొగ పట్టించిన గింజలతో చేసినది. అది తాగితే నిద్ర సంగతేమో గానీ, మర్నాటిదాకా చొక్కా చలిమంట కంపు కొడుతుంది. చొక్కాలు ఉతికేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఇవన్నీ అతను సొంతంగా కాచినవే. ఒక హోటలు వెనక గదిలో స్టీలు పీపాలు పెట్టుకుని కాస్తాడు. ఆ హోటల్లోనే అమ్ముతారు. సెలవు రోజు మా ఇంటికి వచ్చాడంటే చంకలో సీసా ఉండాల్సిందే.

"అత్తయ్యా, ఇది మీకు బాగా నప్పుతుంది. మొదట పువ్వుల వాసన, చివర్లో ఎండుగడ్డి తగులుతుంది."

"గడ్డి తినాలనిపిస్తే చెబుతాలే బాబూ, అప్పుడు తెద్దువుగాని," అంటాను. మా అమ్మాయి నా మోకాలు గిల్లుతుంది. అల్లుడు నవ్వేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, బీరు గురించి తప్ప.

నాది లాండ్రీ. పొద్దుట్నుంచీ ఆవిరి మధ్య నిలబడి ఉడుకుతాను. సాయంత్రం షట్టరు సగం దించేసి, మాసిన దుప్పట్ల మూటల మీద కూలబడి మేం ముగ్గురం బీరు తాగుతాం. నేను, మడతలు పెట్టే మా పిన్ని, ఇస్త్రీ చేసే రేడియో. ఆవిడకి ఆ పేరు ఎందుకు వచ్చిందో కాసేపు పక్కన నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది. మేం తాగే బీరు మూల మీది కొట్లో దొరుకుతుంది. "మామూలుది" అంటే కొట్టతను తీసిచ్చేస్తాడు. ఇన్నేళ్ళలో దాని పేరు చదవాలని నాకెప్పుడూ తోచలేదు.

ఒకరోజు సాయంత్రం షట్టరు కిందనుంచి తల వంచుకుని అల్లుడు వచ్చాడు. చేతిలో సీసా లేదు. ముఖం మాడిపోయి ఉంది.

"హోటలాయన గది ఖాళీ చెయ్యమంటున్నాడు అత్తయ్యా," అన్నాడు. "నా బీర్లు అందరూ ఒక గ్లాసు తాగుతున్నారట. వాసన చూస్తారు, బాగుందంటారు, ఫోటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. రెండో గ్లాసు ఎవరూ అడగట్లేదట. వర్షాలు మొదలయ్యేలోగా జనం రోజూ తాగే బీరు ఒకటి చేసి చూపించమన్నాడు. లేకపోతే ఆ గదిలో రొట్టెల పొయ్యి పెట్టుకుంటాడట."

అంతకుముందు అతను రంగుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేవాడు. గోడల రంగులు కలిపే గది. ఇంటికొస్తే ఒళ్ళంతా కిరసనాయిలు కంపు, మాట లేదు, పలుకు లేదు. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. పీపాలు పెట్టుకున్నాక స్నానాల గదిలో పాటలు మొదలయ్యాయి. గొంతు బాగుండదు, అయినా మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వినేది. ఈ గది పోతే మళ్ళీ ఆ ఫ్యాక్టరీయే గతి. వాళ్ళు రమ్మంటూనే ఉన్నారు. అమ్మాయి నాతో ఒకే మాట అంది: "ఆయన మళ్ళీ అలా అయిపోతే నేను చూడలేనమ్మా."

అల్లుడు మూట మీద నా పక్కన కూర్చున్నాడు. "నేను ఇంతకాలం అందరికీ సలహాలు ఇచ్చాను. ఇప్పుడు మీరు నాకు ఒకటి ఇవ్వండి. మీరు రోజూ ఇదే ఎందుకు తాగుతారు?"

"ఎందుకేంటి? చల్లగా ఉంటుంది."

"రుచి ఎలా ఉంటుంది?"

చేతిలో గ్లాసు ఉంది, సగం తాగాను కూడా, అయినా చెప్పలేకపోయాను. పిన్నికేసి చూశాను. పిన్ని రేడియోకేసి చూసింది. రేడియో నోటికి తాళం పడటం అదే మొదటిసారి.

అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. వాళ్ళిద్దరూ ఇళ్ళకి వెళ్ళాక అల్లుడితో అన్నాను: "సరే, నువ్వు ఒకటి కాచి పట్రా. మేం రోజూ పోసుకునే జగ్గులోనే పెడదాం. వాళ్ళకి ఏమీ చెప్పకు. నీ గడ్డీ పువ్వులూ ఇంట్లోనే వదిలేసి రా."

కాగి, పులిసి, చల్లబడేసరికి కొన్ని వారాలు పట్టింది. మొదటి జగ్గు వచ్చినరోజు అల్లుడు ఆరేసిన దుప్పట్ల వెనక దాక్కున్నాడు, చిన్నపిల్లాడిలా. రేడియో తన తోడికోడలి సంగతి చెబుతూ ఒక గుక్క తాగి, ఆ మాట అక్కడే ఆపేసింది. "అబ్బ, ఏం బాగుందే. గులాబీలు గుర్తొస్తున్నాయి," అని మొదలుపెట్టి, ఆ గుక్క మీద ఉపన్యాసం ఇచ్చింది. పిన్ని కూడా బాగుందంది. ఇద్దరూ గ్లాసులు కింద పెట్టి మరీ పొగిడారు. వాళ్ళు వెళ్ళాక అల్లుడు గాలిలో తేలుతూ బయటికి వచ్చాడు.

"పనికిరాదు," అన్నాను.

"అదేంటి అత్తయ్యా, అంత మెచ్చుకున్నారు కదా?"

"అందుకే. రోజూ తాగేదాన్ని ఎవరైనా మెచ్చుకుంటారా? మంచినీళ్ళు తాగి బాగున్నాయంటావా? రేడియో తన తోడికోడల్ని ఆడిపోసుకుంటూ మధ్యలో ఆపేసి మరీ పొగిడింది. ఆవిడ మాటని ఆపగలిగిన బీరు హోటల్లో ఎవడికి కావాలి? చూడు, జగ్గు ఇంకా నిండుగానే ఉంది."

అతను జగ్గులోకి తొంగిచూశాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అమ్మాయి ఫోన్ చేసి నన్ను నాలుగు దులిపింది. ఒకటి మెచ్చుకుంటే నీ సొమ్మేం పోయేదంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతన్ని ఒక్క మంచి మాట అన్నావా అంది. నేను ఒంటికాలి మీద లేచాను గానీ, ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నిజమే, అనలేదు.

రెండోసారి తెచ్చింది మరీ పలచన. తాగి, ఇద్దరూ లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు. అల్లుడికి చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆకాశంలో మబ్బులు కనబడటం మొదలైంది. అమ్మాయి ఫోన్‌లో ఏమీ అడగడం మానేసింది, దానికి నాకు ఇంకా భయం వేసింది.

మూడోసారి జగ్గు పెట్టిన రోజు ఎండ దంచేసింది. ఒక లాడ్జి దుప్పట్లన్నీ ఆ రోజే వచ్చిపడ్డాయి. ముగ్గురికీ తల ప్రాణం తోకకి వచ్చింది. రేడియో గ్లాసు నింపుకుంటూనే, పై వాటాలో ఉండే ఆవిడ తివాచీ దులిపి తన బట్టలన్నీ దుమ్ము చేసిన వైనం అందుకుంది. పిన్ని మధ్యలో దూరి, తప్పు నీదే, బట్టల తీగ అక్కడ ఎవరు కట్టమన్నారంది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను తీర్పు చెప్పబోతే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఆ కాకిగోలలో ఎవరు ఎన్నిసార్లు పోసుకున్నారో ఎవరికీ తెలీదు. చివరికి పిన్ని జగ్గు వంచితే చుక్క రాలేదు. లోపలికి తొంగిచూసి, "ఏమిటివాళ పొట్టి జగ్గు పెట్టావూ?" అని నన్ను కోప్పడి వెళ్ళింది. జగ్గు రోజూ పెట్టేదే.

దుప్పట్లు పక్కకి తప్పించుకుని అల్లుడు బయటికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ. "ఒక్కళ్ళు కూడా ఒక్క మాట అనలేదు అత్తయ్యా. ఇక నావల్ల కాదు. రేపు ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తాను."

నేను పడీపడీ నవ్వాను. కడుపు పట్టుకుని మూట మీద కూర్చోవలసి వచ్చింది. అతను నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. "పిచ్చి నాయనా, నేనూ మూడు గ్లాసులు తాగాను. అది నీదని కూడా మర్చిపోయాను," అన్నాను.

హోటలాయనకి రుచి చూపించే రోజు రానే వచ్చింది. ఆ హోటలు టేబుల్ గుడ్డలు మా లాండ్రీకే వస్తాయి కాబట్టి, ఉతికినవి ఇచ్చే వంకతో నేనూ వెళ్ళాను. అల్లుడు బుల్లి గ్లాసులు వరుసగా పేర్చి, చెప్పాల్సిన నాలుగు ముక్కలు బట్టీ పడుతున్నాడు. ఆ గ్లాసులు చూస్తే దగ్గు మందు పోస్తాడేమో అనిపించింది. అవన్నీ తీయించేసి పెద్ద గ్లాసు నింపి పెట్టించాను. "నువ్వు నోరెత్తకు. గ్లాసు ఖాళీ అయితే పొయ్యి. అంతే."

హోటలాయన వచ్చి కూర్చోగానే నేను గుడ్డల కట్ట ఆయన ముందు ధబీమని పడేశాను. "మీ దగ్గరికి తిండికి వస్తున్నారా, బూట్లు తుడుచుకోవడానికి వస్తున్నారా? ఈ నల్ల మరకలేంటి?"

ఆయనకి మంట ఎక్కింది. "మరక పోగొట్టడానికే కదా మీకు ఇచ్చేది?"

"తారు పూసి ఇస్తే పాలలా తెల్లగా రమ్మంటే ఎలా వస్తుంది?"

"తారా? నా హోటల్లో తారు ఎక్కడిదమ్మా?" అంటూ గ్లాసు అందుకుని గటగటా తాగి, బల్ల మీద కొట్టి, కిందటిసారి తగ్గిన గుడ్డ లెక్క తీశాడు. నేను చిరుగుల లెక్క తీశాను. ఆయన చెయ్యి దానంతటదే గ్లాసుతో పక్కకి చాపుకుంది. అల్లుడు పోశాడు. గంజి ఎక్కువైందన్నాడాయన. గంజి లేకపోతే గుడ్డ పీలికలా వేలాడుతుందన్నాను. చెయ్యి మళ్ళీ చాపుకుంది, అల్లుడు మళ్ళీ పోశాడు. వంటగదిలోంచి మనుషులు వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు.

అరిచి అరిచి అలిసిపోయి ఇద్దరం కాస్త ఆగాం. ఆయన చెమట తుడుచుకుని అల్లుడికేసి తిరిగాడు.

"గొడవలో పడి అసలు సంగతి మర్చిపోయాను. కొత్త బీరు చూపిస్తానన్నావుగా, ఏదయ్యా?"

అల్లుడు నాకేసి చూశాడు.

"మీ చేతిలో ఉన్నదే," అన్నాను.

ఆయన గ్లాసు పైకెత్తి వెలుతురులో చూశాడు. వాసన చూశాడు. అడుగున మిగిలినది నోట్లో పోసుకుని పుక్కిలించినంత పనిచేశాడు. "ఇదా? ఇందులో ఏముంది?" అన్నాడు. అల్లుడి చేతిలో సగానికి పైగా ఖాళీ అయిన జగ్గుకేసి చూసి, గ్లాసు అతని ముందుకు జరిపాడు. "రొట్టెల పొయ్యి ఇంకెక్కడైనా పెట్టుకుంటాలే. ఇంకో గ్లాసు పొయ్యి."

అల్లుడు పొర్లిపోయేలా పోశాడు, నురగంతా గుడ్డ మీద ఒలికింది. నాకు కడుపు నిండిపోయింది. కన్నకొడుకు గెలిచినా అంతే సంతోషపడేదాన్నేమో. అతన్ని ఎప్పుడో ఇంట్లో మనిషిని చేసేసుకున్నాను, అందుకే ఒక్క మంచి మాటా అనలేదు కాబోలు. అప్పుడైనా అందామనుకుని నోరు తెరిచాను. "బాగా కాచావురా నాన్నా," అన్నాను. అతను తల పక్కకి తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు.

నాకూ ఒక గ్లాసు పొయ్యమన్నాను. హోటలాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నాడు, "ఆ గంజి సంగతి ఇంకా తేలలేదు."