ఏడు నిమిషాల అతుకు

నేను ఒక వెల్డింగు మాస్కుని. కరోనా రోజుల్లో ఊరంతా మాస్కులు పెట్టుకుని తిరుగుతుంటే మా జాతికి ఇన్నాళ్ళకు మర్యాద దక్కిందని పొంగిపోయాను. తీరా చూస్తే అవన్నీ గుడ్డముక్కలు. నాది ఫైబరు ఒళ్ళు. కళ్ళ దగ్గర ఒక నల్ల అద్దం, దాని ముందు నిప్పురవ్వలు పడకుండా ఒక తెల్ల అద్దం. మామూలు వెలుతురులో నాలోంచి చూస్తే ఏమీ కనబడదు. మనిషి కన్ను తట్టుకోలేని వెలుగు పుట్టినప్పుడే నాకు చూపు వస్తుంది.

పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో. పెరిగింది విశాఖపట్నంలో ఓడల మరమ్మతు యార్డులో, వెల్డరు ఎర్రయ్య నెత్తిమీద. పన్నెండేళ్ళు ఆయన చెమటా బీడీ వాసనా పీల్చాను. కళ్ళకు శుక్లాలు వచ్చి పని మానేసిన రోజున ఆయన నన్ను మేనల్లుడు తవిటినాయుడి చేతిలో పెట్టాడు.

“అద్దం దించినాక ఇంకో ఆలోసన ఎట్టుకోకురా. జాయింటు అయినాకే తల ఎత్తాల,” అన్నాడు.

మనుషులు వస్తువును ఊరికే ఇవ్వరు, దాంతోపాటు ఒక నీతిని కూడా అంటగడతారు. పుచ్చుకున్నవాడు వస్తువు ఉంచుకుని నీతిని వదిలేస్తాడు.

తవిటినాయుడు గాజువాక ఆటోనగర్‌లో జగ్గారావు షాపులో పనిచేసేవాడు. డెయిరీలకు పాల ట్యాంకులు చేసే షాపు అది. ఆర్గాన్ వెల్డింగులో తవిటినాయుడి చెయ్యి పడితే అతుకు జడ అల్లినట్టు వచ్చేది. ఒకరోజు భోజనాల వేళ అతను ఫోనులో ఏదో చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీవాళ్ళు సముద్రపొడ్డున, ఆరుబయట, స్టీలు రేకుల్ని చుట్టలు చుట్టి ఒకదానిమీద ఒకటి నిలబెట్టి రాకెట్టు కడుతున్నారు. నాలాంటి మాస్కులు పెట్టుకున్నవాళ్ళు ఎత్తున నిలబడి అతుకులు వేస్తున్నారు.

“ఇది మన పనే గదా,” అన్నాడు తవిటినాయుడు.

అంతే, పిచ్చి పట్టుకుంది. ఏ రాకెట్టు ఎప్పుడు లేస్తుంది, ఏది వాయిదా పడింది, దేని కింది భాగం ఎన్నోసారి ఎగిరి తిరిగొచ్చి నిలువునా దిగింది, అన్నీ నోటికి వచ్చేవి. సొంత పెళ్ళిరోజు మాత్రం భార్య గుర్తు చెయ్యాల్సి వచ్చేది. “ఏటి నాయుడూ, మీ రాకెట్టు దిగిందా, కూలిందా?” అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. కూలిందని చెప్పడానికి అతనికేమీ సిగ్గుండేది కాదు. “కూలిందని ఆళ్ళే సెప్పీసినారు. ఎక్కడ పగిలిందో అది కూడా అందరికీ సూపించినారు,” అనేవాడు, అదేదో తన ఇంటి గొప్ప అన్నట్టు.

అలాంటి మనిషి దగ్గరికి అదృష్టం తనంతట తానే నడిచొచ్చింది. పైకి వెళ్ళి తిరిగి దిగే రాకెట్టు చేస్తామని హైదరాబాదులో కొందరు ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు. ప్రయోగవేదిక పక్కన, మంచుకన్నా ఎంతో చల్లగా ఉండే ద్రవ ఆక్సిజన్ నిలవ ఉంచే ట్యాంకులు కావాలని వాళ్ళు జగ్గారావును అడిగారు. ముందు ఒక నమూనా ట్యాంకు చేసి చూపించాలి. అది నెగ్గితే మిగతా ట్యాంకులన్నీ ఈ షాపుకే. తన అతుకు ఒక రాకెట్టు పక్కన నిలబడుతుందనేసరికి తవిటినాయుడు నన్ను కొత్త పెళ్ళికొడుకు తలపాగాలా తుడిచి పెట్టుకున్నాడు.

పదిహేను రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. చివరికి ట్యాంకు అడుగున, గొట్టం కలిసే మూలలో ఒక్క అతుకు మిగిలింది. అది శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు. సరిగ్గా ఆ వేళకే అమెరికాలో ఆ పెద్ద స్టీలు రాకెట్టు లేవబోతోంది. దాని కింది భాగం వెనక్కి వస్తే ప్రయోగవేదిక పక్కనున్న స్తంభం తన రెండు ఉక్కు చేతులతో గాల్లోనే పట్టుకోవాలి. ఫోను బకెట్టు మీద పెట్టుకుని, వినడానికేలే అనుకుంటూ తవిటినాయుడు నన్ను దించి అతుకు మొదలుపెట్టాడు.

మూడు వేళ్ళ మేర మిగిలి ఉండగా ఫోనులో అంకెలు వెనక్కి లెక్కపెట్టసాగారు. చెయ్యి ఆగిపోయింది. నన్ను పైకెత్తేశాడు. ఏడు నిమిషాలు మనిషిలో కదలిక లేదు. నిప్పులు కక్కుకుంటూ దిగివచ్చిన ఆ స్తంభమంత రాకెట్టు రెండు చేతుల మధ్య బుద్ధిగా ఒదిగిపోయింది. తవిటినాయుడు ఏడ్చాడు. కళ్ళు తుడుచుకున్న చెయ్యి తగిలి నా లోపలి పట్టీ తడిసింది, అబద్ధమెందుకు, నాకూ సంతోషమే వేసింది.

ఆపిన అతుకును మళ్ళీ ఎత్తుకునే ముందు చల్లారిన కొసను గీకి శుభ్రం చెయ్యాలి. అది వెల్డింగులో ఓనమాలు. ఆ ఉత్సాహంలో అతను నేరుగా నిప్పు పెట్టేశాడు. కొస దగ్గర లోహం ఒక్కసారి ఉమ్మినట్టయి చిన్న గుంట పడింది. నాలోంచి చూశాడు. నేనూ చూశాను. గీకి తీసి మళ్ళీ వెయ్యడానికి గంట పట్టేది. తవిటినాయుడు బఫింగు చక్రం తెచ్చి, గుంట నోరు మూసుకుపోయేదాకా రుద్ది, అద్దంలా మెరిపించాడు. పైన పటారం, లోన లొటారం.

శనివారం, ఆదివారం ఎలా గడిచాయో అతనికే తెలియాలి. ఆదివారం కూడా షాపుకొచ్చి, నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ మూలకేసి చూస్తూ కూర్చున్నాడు. రాకెట్టు దిగిన వీడియో పెట్టి సగంలో ఆపేశాడు. అంతటి చలిని మోసే ట్యాంకులో సూదిమొనంత గుంట చీలికగా మారితే ఏమవుతుందో రాకెట్ల పిచ్చి ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ట్యాంకు పక్కన నిలబడేవాళ్ళు ఎవరో అతనికి తెలియదు. తెలియకపోయినా భయమేసింది.

సోమవారం కంపెనీ తరఫున వసుంధర అనే ఇంజనీరు వచ్చింది. అతుకుల మీద ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లింది. పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు పొడిమీదికి తేలుతుంది. ఎక్కడా తేలలేదు. మెరుగు పెట్టిన ఆ మూల కూడా మల్లెపువ్వులా తెల్లగా ఉంది. జగ్గారావు మొహం చాటంత అయింది. ఎవరూ ఏమీ అనకుండానే తవిటినాయుడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు. వసుంధర కాగితం మీద కలం పెట్టింది.

“మేడం, ఆ మూల ఓపాలి గీకి సూడండి,” అన్నాడు.

“ఏటిరా? ఏటుందక్కడ?” అన్నాడు జగ్గారావు.

“జాయింటు మజ్జిలో ఆపీసినాను బాబూ. రాకెట్టు దిగతా ఉంటే సూడ్డానికి. మళ్ళీ ఎత్తినప్పుడు కొస గీకలేదు. గుంట పడింది. పాలిసు ఎట్టీసి దాసీసినాను.”

వసుంధర తనే గ్రైండరు తీసుకుని పైపొర తీసింది. నువ్వుగింజంత నల్లటి గుంట బయటపడింది. వంగి దాన్ని చూసింది.

“ఈ మూలకి మా ఎక్స్‌రే అందదు,” అంది. “మీరు చెప్పకపోతే ఇది ఇలాగే వేదిక దగ్గరికి వెళ్ళిపోయేది.”

తవిటినాయుడు తల వంచుకున్నాడు. పని పోయిందనే నేననుకున్నాను. ఆమె కాగితాలు తిరగేసింది.

“బయటపడిన లోపాన్ని నా కళ్ళముందే ఒక్కసారి సరిచెయ్యొచ్చని రూల్లో ఉంది. ఒక్కసారే. పరీక్ష అయ్యేదాకా పాలిష్ పెట్టకండి.”

అతను గుంటను పూర్తిగా గీకి తీశాడు, శుభ్రంగా తుడిచాడు, నన్ను దించాడు. ఇరవై ఏళ్ళుగా తలల మీద బతుకుతున్నాను, మనిషి గుండె చప్పుడు అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. చెయ్యి మాత్రం వణకలేదు. అతుకు మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో సాగింది. అయ్యాకే తల ఎత్తాడు.

మళ్ళీ ఎర్ర రంగు, మళ్ళీ తెల్ల పొడి. ముగ్గురూ స్టూళ్ళ మీద కూర్చుని ఎదురుచూశారు. జగ్గారావు టీ తెప్పించాడు గాని తాగడం మరిచిపోయాడు. పొడి తెల్లగానే ఉండిపోయింది. వసుంధర సంతకం పెట్టి కలం మూసింది. తవిటినాయుడు స్టూలు దిగి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

“శుక్రవారం అది దిగుతున్నప్పుడు నేను మీటింగులో ఉన్నానండి,” అంది వసుంధర కాస్త ఉక్రోషంగా. “ఇంకా చూడలేదు. మీ ఫోనులో ఉందా?”

నన్ను బల్లమీద బోర్లించి ముగ్గురూ ఫోనుమీదికి వంగారు. రాకెట్టు భద్రంగా దిగిందని ముగ్గురికీ తెలుసు. అయినా ఊపిరి బిగబట్టే చూశారు, అది చేతుల్లో ఒదగగానే ముగ్గురూ ఒకేసారి హమ్మయ్య అన్నారు. మనుషులు చిత్రమైనవాళ్ళు, జరిగిపోయిన దానికి కూడా కంగారుపడతారు.

మర్నాడు ట్యాంకును లారీకి ఎక్కిస్తున్నారు. దాని ఒళ్ళంతా తళతళ మెరుస్తుంటే కింది మూల ఒక్కటే మసకగా ఉంది.

“ఆ మచ్చ మీద కూడా ఓపాలి చక్రం ఆడించీరా. అందంగుంటాది,” అన్నాడు జగ్గారావు.

“వద్దు బాబూ,” అన్నాడు తవిటినాయుడు. “కనబడనీండి.”

లారీ కదిలింది. నా మనసు కుదుటపడింది.