కాగితం వచ్చేదాకా

నా నోరు మంచిది కాదు. జనగామలో మా కిరాణా దుకాణం ఉన్న వీధిలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు, నా ముందే చెబుతారు. ఆ నోటితోనే నాలుగేళ్లపాటు మా ఆయన్ని దొంగతిండి మనిషి అన్నాను.

మా ఆయన రాజేశానికి కడుపులో పుండ్లు. గోళీలు వాడినన్నాళ్లు మానేవి, ఆపగానే మళ్లీ లేచేవి. మూడుసార్లు దవాఖానలో చేర్చాం. ఇంట్లో మిరపకాయ బంద్, చింతపండు బంద్, చివరికి నిమ్మకాయను కూడా గడప తొక్కనివ్వలేదు. మా అమ్మాయి వర్షిణి కంచం ముందు కూర్చుని "నాకేమైందని గీ చప్పిడి కూడు?" అని ఏడ్చేది. ఇంత చేసినా తగ్గదేం? బయట తింటున్నాడు, ఇంకేముంది! స్టేషన్ దగ్గర మిర్చిబజ్జీల బండి ఆయన వచ్చే దారిలోనే ఉంది. ఇంటికి రాగానే అంగీ వాసన చూసేదాన్ని.

"నీ పానం మీద ఒట్టు, తినలే రమా," అనేవాడు. ఒకరోజు వర్షిణి తలమీద చెయ్యిపెట్టి మరీ చెప్పాడు. పిల్ల తలమీద అబద్ధపు ఒట్టు వేస్తావా అని ఇంకా రెండు తిట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మానుకోటలో మా ఆడబిడ్డ సరళ బిడ్డ పెళ్లి. బంతిలో కూర్చున్నాం. వడ్డించేవాళ్లు ఆయన విస్తరిలో ఒక మిర్చిబజ్జీ వేశారు. ఆయన ముట్టుకోలేదు కూడా. "ఈయనకెందుకేస్తున్నరు? బండి కాడ దొంగతనంగ తినేది సాల్తలేదా?" అని అంతమందిలో అరిచాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన అన్నం వదిలేసి లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

సకల జనుల సమ్మె మొదలవడానికి ముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టర్‌కు చూపించాం. ఆ డాక్టర్ కాగితాలన్నీ తిరగేసి, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "క్లోమం దగ్గర చిన్న గడ్డ ఉండొచ్చమ్మా. అది ఒక హార్మోన్ వదులుతుంది. ఆ హార్మోన్ యాసిడ్ తయారుచెయ్యమని కడుపుకు హుకుం ఇస్తూనే ఉంటుంది. ఈయన ఏం తిన్నా, ఏమీ తినకున్నా ఒకటే."

రూఢి చేసుకోవడానికి రక్తపరీక్ష కావాలి. దానికి వారం ముందు నుంచి యాసిడ్ గోళీ ఆపాలి, పరగడుపున రావాలి. "నొప్పి పెరిగినా, విరేచనం నల్లగా అయినా వెంటనే గోళీ వేసుకుని నా దగ్గరికి రండి. పరీక్ష సంగతి తర్వాత చూద్దాం," అని రెండుసార్లు చెప్పాడు.

మా ఆయన అడిగింది ఒక్కటే. "సార్, గా రక్తపరీక్ష కాగితంల తెలుస్తదా, నేను బయట తినలేదని?"

డాక్టర్ నవ్వాడు. నాకు సగమే నమ్మకం కలిగింది. మెట్లు దిగుతూ "కాగితం రానీ, అప్పుడు సూద్దాం," అన్నాను. ఛీ, ఏం మాటది!

గోళీ ఆపాం. ఏడో రోజు పొద్దున రక్తం ఇవ్వాలి. అప్పటికి సమ్మె మొదలైంది, బస్సులు బంద్. వర్తక సంఘం అధ్యక్షుడు ఉపేందర్ తన కారు ఇస్తానన్నాడు. చౌరస్తాలో రిలే నిరాహార దీక్షకు రోజుకో సంఘం కూర్చునేది. గోళీ ఆపిన ఆరో రోజు కిరాణా వర్తకుల వంతు వచ్చింది.

"ఎట్లాగు ఏం తినబుద్ధయితలేదు. కడుపు ఖాళీగ ఉంచుమన్నరు గద. ఒక్క ఉపాసంతోటి రెండు పనులైతయ్," అన్నాడు ఆయన.

బుద్ధున్నదైతే వద్దనేది. నాకేమో తెలంగాణ పిచ్చి. ఇస్త్రీ అంగీ నేనే తీసిచ్చాను.

సాయంత్రం దీక్ష విరమణకు నేనూ శిబిరానికి వెళ్లాను. అలవాటు ప్రకారం నిమ్మరసం తెచ్చారు. "వదినా, అన్నకు నీ చేత్తోనే ఇయ్యి," అని ఉపేందర్ గ్లాసు నాకందించాడు. నా చెయ్యి ఆగింది. "మజ్జిగ లేదా?" అన్నాను. మైకులో జై తెలంగాణ మోగిపోతోంది, నా మాట ఎవరికి వినబడుతుంది? ఆయన నా మొహం చూసి నవ్వాడు.

"నువ్విచ్చినంక ఇంకేం భయం," అని గ్లాసు ఖాళీ చేశాడు.

అరగంట కాలేదు, జంపఖానా మీదే కక్కుకున్నాడు. కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. చేతిరుమాలు కోసం ఆయన జేబులో చెయ్యి పెడితే గోళీల పట్టీ దొరికింది. ఒక్కటీ తెంపలేదు. రెండు రోజుల నుంచి విరేచనం నల్లగా అవుతోందని అప్పుడు చెప్పాడు.

"ఎందుకేసుకోలేదయ్యా!"

"ఏసుకుంటే కాగితం రాదు గద."

ఉపేందర్ కారు తీశాడు. హైదరాబాద్ రోడ్డు మీద ఊరూరా రాస్తారోకో. "పేషెంట్ ఉన్నడు, జరగుండ్రి" అనగానే జరిగారు పాపం. రాళ్లు తీశారు, టైర్లు లాగారు, ఒకావిడ మంచినీళ్లు తెచ్చింది. ఒక్కో చోట పది నిమిషాలు. ఎవరూ కావాలని ఆపలేదు. జీవితంలో మొదటిసారి నాకు తిట్టడానికి మనిషి దొరకలేదు.

ఆయన తల నా ఒళ్లో ఉంది. "నువ్వు తినలే. నాకెరుకైంది. నాకు ఏ కాగితం వద్దు," అన్నాను.

"ఇప్పుడట్లనే అంటవ్. కాగితం రానీ," అన్నాడు.

దవాఖానలో సూది మందు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందుగాల రక్తం తీస్కోండ్రి" అన్నాడు. తీశారు. సమ్మె కదా, కాగితం రావడానికి పదిహేను రోజులు పట్టవచ్చన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది. నిమ్మరసం వల్ల కాదమ్మా, పుండు అంతకుముందే పగిలింది అని డాక్టర్ చెప్పాడు. నేను విన్నాను. ఆ గ్లాసు మాత్రం ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంటుంది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో కాకికి పెట్టడం మా ఆనవాయితీ. సరళ ఏడుస్తూనే పొయ్యి ముందు కూర్చుని వండుకొచ్చింది. విస్తరి చూశాను. నడిమధ్యలో నాలుగు మిర్చిబజ్జీలు.

"ఇవెందుకు?"

"బజ్జీలంటే అన్నకు పానం గద వదినా. బండి కాడ తింటడని నువ్వే అంటివి గద."

"ఆయన తినలే! ఎన్నడూ తినలే!" పెళ్లి బంతిలో అరిచినట్టే అరిచాను. "కడుపుల గడ్డ. తినకున్నా పుండ్లయితయ్. డాక్టర్ చెప్పిండు. కాగితం వస్తది, సూడుండ్రి!"

అందరూ నావైపు జాలిగా చూశారు. సరళ నా భుజం మీద చెయ్యి వేసింది. "తింటే తిన్నడు తియ్యి వదినా. పోయిన మనిషి. ఇప్పుడెందుకు?"

నేను వర్షిణిని దగ్గరికి లాక్కుని తలమీద చెయ్యి పెట్టాను. "నా బిడ్డ మీద ఒట్టు, ఆయన తినలే," అన్నాను.

ఎవరూ నమ్మలేదు.