అరవై రెండో చెంచా

రుక్మాబాయి చెంచాను కొంగుతో తుడిచి, సీసాకు మూత బిగించింది. బహదూర్‌పురాలోని ఆ గల్లీ చిట్టాలో అరవై ఇద్దరు పిల్లలు. సాయంత్రానికి అరవై ఒక్కరికి విటమిన్ ఎ మందు పట్టింది. మధ్యాహ్నం నుంచి ఎడమ రొమ్ము కింద ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టుంది. గోడలు పట్టుకుంటూ నడిచింది.

సర్కారు దవాఖానాలో ఆయాగా పదిహేడేళ్లు. ఈ మందు మాత్రం మూడేళ్ల కిందటే వచ్చింది, ఆరు నెలలకోసారి. మిగిలిన ఇల్లు పాలమ్ముకునే ఆండాలుది. పోయిన రెండుసార్లూ తలుపు తీయలేదు. పక్క గల్లీలో మందు తాగిన పిల్లవాడు జ్వరంతో పోయాడని ఆమె భయం.

ఈసారి తలుపు తెరిచే ఉంది. చీకటి పడుతున్న వసారాలో మూడేళ్ల బాలమణి ఒక్కతే కూర్చుని ఉంది. రుక్మాబాయి చెయ్యి ఊపితే పక్కన కట్టేసిన బర్రె తల తిప్పింది. పిల్ల తిప్పలేదు. తెరిచిన కళ్లలో తడి లేదు.

"పొద్దుగూకితే గిట్లనే కూసుంటది. ఎవలు పిలిచినా లేవది," అంది ఆండాలు. గాలి సోకిందని తాయెత్తు కట్టించిందట.

రుక్మాబాయి ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. "నా బిడ్డ గూడ గిట్లనే కూసుండేది. రేచీకటని నాకు ఎర్కలేకుండె. అటెన్క పగలు గూడ కనవడలే. గప్పుడు ఈ మందు లేకుండె."

ముందు నువ్వు తాగమంది ఆండాలు. రుక్మాబాయి ఒక చెంచా తాగి, ఇంకోటి పిల్ల నోట్లో పోసింది. గోడకు ఆనుకుని మంచినీళ్లు అడిగింది.

ఆండాలు చెంబుతో వచ్చేసరికి బాలమణి రుక్మాబాయి వేలు పట్టుకుని ఏదో ముచ్చట చెబుతోంది.

"అమ్మా, అవ్వ చెయ్యి సల్లగైంది," అంది, ఎటో చూస్తూ. "పిలుస్తే పలుకుతలేదు."

గుండె ఆగిందని డాక్టరు చెప్పినా, మందే చంపిందని గల్లీ అంతా అనుకుంది. ఆండాలు రెండు రాత్రులు పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

మూడోనాటి సాయంత్రం దీపం పెట్టకముందే బాలమణి లేచింది. గోడ తడమలేదు. గడప దగ్గర ఆగి, కిందకు చూసి, ఒక అడుగు పక్కకు వేసి దాటింది. అక్కడ, ఎవరూ ముట్టుకోని రుక్మాబాయి చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, ఇంట్లోకే తిరిగి ఉన్నాయి.