రెండో భాగానికి ముందు శాలువాలు

ఛీ, మనుషులా వీళ్లు! అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్లో తెలుగు సంఘం వాళ్ల దసరా సభ. ముందు వరసలో కూర్చున్న శ్రీవిద్యకి ఒళ్లంతా కంపరం ఎత్తింది. స్టేజీ మీద పిల్లలు పద్దెనిమిదో శతాబ్దపు సింఫనీ వాయిస్తుంటే వెనకాల చిప్స్ ప్యాకెట్లు చింపుతున్నారు. ఒకాయన స్పీకర్ ఫోన్‌లో గ్రీన్‌కార్డ్ గురించి వాదించుకుంటున్నాడు. పక్కన మొగుడు రాజీవ్ రీల్స్ చూసుకుంటున్నాడు.

సంఘం ప్రెసిడెంట్ భీమశంకరానికి ముందే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇవి నాలుగు పాటలు కావండీ, నాలుగూ కలిపి ఒకటే. మొదటి భాగం హుషారుగా దూకుతుంది. రెండోది నెమ్మది. మూడోది పాతకాలం దొరల డాన్సు నడక, ఆఖరిది ఒకటే పరుగు. మధ్యలో పిల్లలు ఊపిరి తీసుకుంటారంతే, చప్పట్లు కూడా కొట్టకూడదు."

ఆయన తల ఊపాడు. విన్నదాంట్లో మధ్యలో ఖాళీలుంటాయన్న సంగతి మాత్రం చక్కగా పట్టుకున్నాడు, మహానుభావుడు!

ఆ నెమ్మది భాగంలోనే కూతురు పూజిత ఓబో సోలో ఉంది. ఓబో అంటే మన సన్నాయికి చుట్టం. మిగతావాళ్లంతా చప్పుడు తగ్గించేస్తే ఆ పిల్ల ఒక్కతే పాట పాడినట్టు వాయించాలి. తన తెలుగుకి అందరూ నవ్వుతారని సంఘంలో ఎప్పుడూ నోరు మెదపని పిల్ల, "అమ్మా, మనవాళ్ల ముందు వాయిస్తా" అని తనే అడిగి, వేసవంతా పెదాలు పగిలేలా సాధన చేసింది.

మొదటి భాగం అయింది. పూజిత ఓబో పెదాలకి ఆనించింది. అంతే, భీమశంకరం మైకు పుచ్చుకుని ఊడిపడ్డాడు.

"పిల్లలు అదరగొట్టేశారు! ఈ గ్యాప్‌లో మన వాలంటీర్లని సన్మానించుకుందాం!"

శాలువాలు వచ్చాయి. వాటి వెనకే ఫోటోగ్రాఫర్. సిగ్గన్నా లేదేమిటి వీళ్లకి, అనుకుంది శ్రీవిద్య.

పిల్లల ముందు నిలబడి వాయిద్యాలు నడిపిస్తున్న కండక్టర్ చేతులు దించేసింది. పూజిత మాత్రం ఆగలేదు, మొదలుపెట్టేసింది. సన్నగా, నిదానంగా ఆ స్వరం హాలంతా పాకింది. చిప్స్ చప్పుడు ఆగింది. ఫోన్ పెద్దమనిషి కూడా నోరు మూశాడు. విన్నారు, మొత్తానికి విన్నారు!

"ఆఁ, అలా మెల్లగా వాయిస్తూ ఉండమ్మా, బ్యాక్‌గ్రౌండ్‌కి బాగుంది," అన్నాడు భీమశంకరం మైకులో. "నెక్స్ట్, పార్కింగ్ చూసుకున్న రాజీవ్ గారు!"

శ్రీవిద్య మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "వెళ్లకండి. అది వాయిస్తోంది."

"పిలిచాక వెళ్లకపోతే ఏం బాగుంటుందే?"

చొక్కా సర్దుకుంటూ కూతురి ముందు నుంచే నడిచాడు. ఓబో ఆగిపోయింది. అంతవరకూ సంఘం మీదున్న రోతంతా శ్రీవిద్యకి ఇంటాయన మీదికి మళ్లింది. శాలువా కోసం వంగిన ఆ మెడని చూడలేకపోయింది.

ఫోటో కోసం రాజీవ్ పూజితని భుజం పట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"డాడీ, అది నా పార్ట్," అంది పూజిత.

అతను కెమెరా వైపు నుంచి చూపు తిప్పలేదు. "తెలుసు బంగారం, ముందు నవ్వు."