నీళ్ల మీదికి వాలిన హెలికాప్టర్

హెలికాప్టర్ మిద్దె మీదికి వచ్చినట్టే వచ్చి, పక్కకు ఒరిగి, కొబ్బరిచెట్ల అవతలికి వెళ్లిపోయింది. లోకేశ్వరి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

స్వర్ణముఖి పొంగి ఊళ్లోకి నీళ్లు రావడంతో, అత్త దేవకమ్మతో, ఏడాదైనా నిండని కూతురు రూపశ్రీతో ఆమె మిద్దె ఎక్కింది. భర్త జయచంద్ర పాలవ్యాను తోలుకుని పలమనేరు పోయి అక్కడే చిక్కుకున్నాడు. పాపకు జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. పాలు తాగదు, పొద్దుటి నుంచి ఏడవడం కూడా మానేసింది. వాన తగలకుండా నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ ప్లాస్టిక్ పట్ట కట్టి, దాని కింద ముడుచుకుని కూర్చున్నారు.

హెలికాప్టర్ తలుపు దగ్గర మనిషి చెయ్యి ఊపడం కదలకుండా ఉండమని కాబోలు అనుకుంది లోకేశ్వరి. దేవకమ్మ మాత్రం టపటపా కొట్టుకుంటున్న పట్టను చూసి, ఇది ఎగిరి రెక్కల్లో పడుతుందని వాళ్లకు భయమేమో అంది. తీసేస్తే పాప తడుస్తుంది. తీయకపోతే అది రాదు. తీసేశాక కూడా రాకపోతే? లోకేశ్వరి ముడి మీద చెయ్యి వేస్తుంది, మళ్లీ తీస్తుంది. చివరికి అత్తే పళ్లతో ముడి విప్పి, పట్టను మడిచి దాని మీద కూర్చుంది. వాన నేరుగా పాప మొహం మీద పడింది.

అది మళ్లీ వచ్చింది. ఈసారి గాలికి ఎదురుగా, మెల్లగా వచ్చి నెత్తిన నిలబడింది. తాడు మీద ఒక జవాను దిగాడు. పాకాల వాడట. లోపల నిండా జనం ఉన్నారనీ, ఇంకో పెద్ద మనిషి బరువు ఇప్పుడు మోయలేదనీ, పాపను మాత్రం తీసుకుపోయి వాళ్లిద్దరి కోసం మళ్లీ వస్తామనీ ఆమె చెవి దగ్గర అరిచి చెప్పాడు.

లోకేశ్వరి పాపను ఇంకా గట్టిగా అదుముకుంది. తనూ వస్తానంది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు, బరువుండనంది.

"అక్కా, అది ఊరికే నిలబడుండాది అనుకోవద్దు. ఒక్కచోట నిలబడేదానికే దాని బలమంతా పోతాది. ఎత్తూ లేదు, వేగమూ లేదు. ఇప్పుడు ఇంజను తడబడిందంటే మన నెత్తినే పడతాది. ఇస్తావా, పొమ్మంటావా?"

"ఇయ్యమ్మే," అంది దేవకమ్మ. "ఈడ పెట్టుకోని ఏం జేస్తావు?"

ఇచ్చింది. ఇచ్చీ ఇవ్వకముందే చేతులు వెనక్కి లాక్కోబోయాయి. అప్పటికే అతను పాపను ఎదకు కట్టుకుని పట్టీలు బిగించేశాడు.

వాళ్లు లోపలికి చేరాక హెలికాప్టర్ పైకి లేస్తుందనుకుంది. లేవలేదు. ముక్కు కిందికి వాల్చి, మిద్దె దాటి, వరద మీదికి జారింది. నీటి తుంపర పైకి లేచింది.

"పడిపోతా ఉండాదత్తా," అంటూ లోకేశ్వరి పిట్టగోడ వైపు పరిగెత్తింది. దేవకమ్మ ఆమె పైట దొరకబుచ్చుకుని ఆపింది. అది నీళ్లను రాసుకుంటున్నట్టే దూసుకుపోయి, మామిడితోట అంచున ఎవరో ఎగరేసినట్టు గబుక్కున పైకి లేచింది.

ఆ తరవాత లోకేశ్వరి కూర్చోలేదు. పాప కొత్తవాళ్ల చేతుల్లో ఉంటుందా? మందేస్తారా? తల్లి ఎవరని రాసుకుంటారు? ట్యాంకు దాకా పోతుంది, వస్తుంది.

"కూసోమ్మే. నువ్వు తొందరపడి తిరిగితే అది బిన్నా వస్తాదా?" అంది దేవకమ్మ. అంటూనే తనూ లేచి ఆకాశం చూసింది.

హెలికాప్టర్ తిరిగి వచ్చింది. ఈసారి జవాను కాళ్లు మిద్దెకు ఆనకముందే లోకేశ్వరి అతన్ని పట్టుకుంది. హెలికాప్టర్‌ను ఎందుకు కిందికి పడేశారని అడిగింది.

"పడలేదక్కా. ఉండే కొంచెం ఎత్తునీ వదులుకుంటేనే వేగం వస్తాది. వేగం వచ్చినాక ఎక్కేది సులువు."

"పాప?"

"ఆస్పత్రి వ్యాన్లో ఉండాది. సూదేసినారు. ఒకటే ఏడుపు, నర్సమ్మ చేతిలో నిలవడంల్యా."

ఏడుస్తోందన్న మాట చెవిన పడగానే లోకేశ్వరి పట్టీలోకి తనే చేతులు దూర్చింది.

అత్తాకోడళ్లిద్దరూ లోపలికి చేరాక హెలికాప్టర్ మళ్లీ ముక్కు వాల్చింది. ఎర్రటి నీళ్లు మీదికి వచ్చాయి. దేవకమ్మ కళ్లు మూసుకుని గోవిందా అంటోంది. లోకేశ్వరి మాత్రం, ఇంకా బిన్నా పోనీ అన్నట్టు, ముందుకు వంగి కూర్చుంది.