మూడు నెలల కునాఫా

తండ్రి పోయిన మూడు నెలల దాకా ఆడపిల్ల చేత వాటా వదులుకునే పత్రం రాయించకూడదని మా జోర్డాన్‌లో రూలు. ఆ మూడు నెలలూ నా తమ్ముడు గాలిబ్ ప్రతి శుక్రవారం కునాఫా మిఠాయి పళ్ళెంతో దిగాడు. అంతకుముందు పదకొండేళ్లలో నా గడప తొక్కింది ఒక్కసారే, నా మొగుడు పోయినప్పుడు.

గడువు తీరిన మర్నాడు పొద్దున్నే కారేసుకొచ్చి నన్ను కోర్టుకి బయల్దేరదీశాడు. దారంతా ఒకటే పాట.

"వాటా పట్టుకుపోయిన ఆడదాని మొహం ఎవరు చూస్తారక్కా? పండక్కి నీ గుమ్మంలోకి ఎవరొస్తారు?"

పత్రం వాడు ముందే రాయించి పెట్టాడు. కోర్టులో జడ్జీ ఖాజీ గారు దాన్ని పైకి చదివారు. నాన్న కట్టిన రాతి ఇల్లు, దాని వెనక ఆలివ్ తోట, రెండిట్లోనూ నా వాటా గాలిబ్‌కే.

"ఖితామ్ గారూ, మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?"

నా వెనక గాలిబ్ చేతిలో తస్బీ జపమాల పూసల చప్పుడు ఆగిపోయింది. సంతకం పెట్టకపోతే ఇక పుట్టిల్లు లేనట్టే. పెన్ను తీసుకున్నాను. సంతకం చోట ఆనించి ఆగాను.

వాడు గబుక్కున వంగి, ఖాజీ గారికి వినపడేలా అన్నాడు: "భయమెందుకక్కా? కాగితం మీద ఏముంటేనేం, ఆ ఇల్లు ఎప్పటికీ నీదే!"

నాకు ఒళ్లు మండిపోయింది. పెన్ను బల్ల మీద పడేశాను.

"విన్నారుగా ఖాజీ గారూ, ఇల్లు నాదేనట. ఆ మాటే రాయండి. ముందు వాణ్ణి సంతకం పెట్టమనండి."